మొదటి ఆర్కేడ్ మెషిన్: ముందు ప్యానెల్, తర్వాతే పెట్టె

ఇంట్లో సొంతంగా ఆర్కేడ్ మెషిన్ (వీడియో గేమ్ షాపుల్లో కాయిన్ వేసి ఆడే పెట్టె) కట్టుకుందామని దిగేవాళ్లు మామూలుగా చెక్కతో మొదలుపెడతారు. ఆరడుగుల పెట్టె, నెత్తిన లైటు వెలిగే బోర్డు, పక్కల రంగురంగుల స్టిక్కర్లు. ప్లైవుడ్ తెచ్చేస్తారు, కోయించేస్తారు. తీరా చూస్తే మానిటర్ పట్టదు, లేదా ఇద్దరి బటన్లకి చోటు చాలదు. పని అక్కడ ఆగుతుంది. సగం తయారైన పెట్టె బాల్కనీలో పాత పేపర్లు దాచే అల్మారాగా సెటిలైపోతుంది.

ఈ వరస తిరగేయండి. ముందు ఏ ఆటలు ఆడతారో తేల్చుకోండి. వాటికి సరిపడా కంట్రోల్ ప్యానెల్ (జాయ్‌స్టిక్, బటన్లు బిగించే పలక) చేసుకుని, దాన్ని కంప్యూటర్ ద్వారా హాల్లో ఉన్న టీవీకే తగిలించి కొన్నాళ్లు ఆడండి. పెట్టె ఎంత వెడల్పు ఉండాలి, ఎంత ఎత్తులో ఉండాలి, అసలు పెట్టె కావాలా వద్దా అన్నది ఆ ప్యానెలే చెబుతుంది. కింద చెప్పే ఎంపికలన్నీ ఈ వరసలోనే ఉన్నాయి.

ఏ ఆటలు ఆడతారు?

తొంభైల్లో మన ఊళ్లలో వీడియో గేమ్ షాపుకి వెళ్లి కాయిన్లు పోగొట్టుకున్నవాళ్లని అడిగితే మొదట వచ్చే పేరు ముస్తఫా. అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, క్యాప్‌కామ్ 1993లో తెచ్చింది. దానికి ఎనిమిది దిక్కులా కదిలే జాయ్‌స్టిక్, రెండు బటన్లు చాలు: ఒకటి కొట్టడానికి, ఒకటి ఎగరడానికి. అదే కంపెనీ 1991లో తెచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2కి ఒక్కొక్కరికి ఆరు బటన్లు కావాలి, మూడు పంచ్‌లకి, మూడు కిక్‌లకి. కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97కి నాలుగు. 1980 నాటి ప్యాక్-మ్యాన్‌కి ఆడేందుకు బటనే అక్కర్లేదు, జాయ్‌స్టిక్ ఒక్కటే.

ప్యాక్-మ్యాన్‌తో ఇంకో చిక్కుంది. అది నాలుగు దిక్కుల జాయ్‌స్టిక్ కోసం చేసిన ఆట. ఎనిమిది దిక్కుల దానితో ఆడితే చెయ్యి కొంచెం మూలకి జరిగినా మలుపు తప్పిపోయి దెయ్యం నోట్లో పడతారు. 1981 నాటి డాంకీ కాంగ్‌లో నిచ్చెన ఎక్కబోతే ఇదే తంతు. కొన్ని జాయ్‌స్టిక్‌ల అడుగున, కదలికకి హద్దు పెట్టే ప్లాస్టిక్ గేటును తిప్పి నాలుగు దిక్కులకు మార్చుకోవచ్చు. రెండు రకాల ఆటలూ కావాలంటే అలాంటిదే కొనండి.

నా సలహా: ఫైటింగ్ ఆటల పిచ్చి ఉంటేనే ఆరు బటన్లు పెట్టండి. లేకపోతే మనిషికి నాలుగు, పైన స్టార్ట్, కాయిన్ బటన్లు చాలు. ట్రాక్‌బాల్ (అరచేత్తో దొర్లించే బంతి), స్పిన్నర్ (గుండ్రంగా తిప్పే మీట), నలుగురు ఆడే ఏర్పాటు మొదటి మెషిన్‌లో వద్దు. అర్కనాయిడ్ లాంటి ఒకటి రెండు ఆటల కోసం స్పిన్నర్ పెడితే మిగతా ఆటలన్నిటికీ అది చేతికి అడ్డమే.

జాయ్‌స్టిక్, బటన్లు: జపాన్ పద్ధతా, అమెరికా పద్ధతా?

జపాన్ రకం జాయ్‌స్టిక్‌కి తలపై గుండ్రటి బంతి ఉంటుంది, కదలిక తేలిక, స్ప్రింగు మెత్తన. సాన్వా, సెయిమిత్సు పేరున్న కంపెనీలు. బటన్ బెజ్జం 30 మిల్లీమీటర్లు, స్టార్ట్ లాంటి చిన్నవాటికి 24. అమెరికా రకానికి తల బేస్‌బాల్ బ్యాట్ ఆకారంలో ఉంటుంది, గట్టిగా ఉంటుంది, పిల్లలు ఊగినా తట్టుకుంటుంది. బెజ్జం సుమారు 28 మిల్లీమీటర్లు.

ఏది మంచిదన్న వాదన తెగేది కాదు. దానికంటే ముఖ్యం, మీ ప్యానెల్ ఎంత మందం అన్నది. జపాన్ రకాలు పల్చటి రేకు ప్యానెల్ కోసం తయారైనవి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కి బిగిస్తే జాయ్‌స్టిక్ కాడ బొటనవేలంత కూడా పైకి రాదు. నొక్కితే క్లిక్‌మని కూర్చునే బటన్లు అంత మందాన్ని పట్టుకోలేవు, మర తిప్పి బిగించేవి తీసుకోవాలి. అమెరికా రకం బటన్లకి పొడవాటి మర ఉంటుంది కాబట్టి మందపాటి చెక్కలో హాయిగా కూర్చుంటాయి.

ఆన్‌లైన్‌లో మనకి చవగ్గా దొరికే సెట్లు ఎక్కువగా సాన్వాని చూసి చేసిన చైనా నకళ్లు. నేర్చుకునేవాళ్లకి అవి సరిపోతాయి. ఏడాది ఆడాక లోపల పాడైన చిన్న స్విచ్ (మైక్రోస్విచ్) ఒక్కటీ మార్చుకోవచ్చు, లేదంటే అవే బెజ్జాల్లో అసలు సాన్వా పెట్టుకోవచ్చు. అందుకే 30 మిల్లీమీటర్ల బెజ్జాలతో వెళ్లడం మేలు. ప్యానెల్ పైభాగాన్ని మాత్రం మందపాటి చెక్కతో చేయకండి. చెక్కలో కిటికీలా కోసి, దానిమీద 2 లేదా 3 మిల్లీమీటర్ల లోహపు రేకు పరవండి. రేకు కోయించే వీలు లేకపోతే 6 మిల్లీమీటర్ల ప్లై వాడి, జాయ్‌స్టిక్ చుట్టూ అడుగున చెక్క ముక్కలతో బలం ఇవ్వండి.

బెజ్జాలకి మామూలు డ్రిల్ బిట్ పనికిరాదు. చెక్కకైతే పెద్ద గుండ్రటి బెజ్జాలు కోసే ఫోర్స్ట్‌నర్ బిట్ లేదా హోల్ సా కావాలి. పైనుంచి సగం, కిందనుంచి సగం కోస్తే అంచులు పెచ్చులు లేవవు. అంతకంటే సుఖమైన దారి ఒకటుంది. పూజ మందిరాల తలుపులకి, జాలీలకి డిజైన్లు కోసే సీఎన్‌సీ షాపులు ఇప్పుడు జిల్లా కేంద్రాల్లో కూడా ఉన్నాయి. డ్రాయింగ్ ఫైలు ఇస్తే మిల్లీమీటరు తేడా రాకుండా కోసిస్తారు. అయితే ముందు అదే డ్రాయింగ్‌ని అట్టమీద ప్రింట్ తీసి, చేతులు పెట్టి చూసుకోండి. ఇద్దరు పక్కపక్కన నిలబడి ఆడాలంటే ప్యానెల్ కనీసం 60 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. అంతకంటే తగ్గితే మోచేతులు తగులుకుంటాయి, అన్నదమ్ములైతే గొడవ గ్యారంటీ.

ఎన్‌కోడర్: చిన్న బోర్డు, పెద్ద తలనొప్పి

బటన్ నొక్కిన సంగతి కంప్యూటర్‌కి చేరవేసే బోర్డు ఇది. చవక సెట్లతో వచ్చేదాన్ని జీరో డిలే బోర్డు అంటారు. వైర్లకి ముందే సాకెట్లు ఉంటాయి, సోల్డరింగ్ అక్కర్లేదు, గంటలో పనైపోతుంది. ఒక్కరు ఆడే మెషిన్‌కి దీన్ని మించింది వెతకక్కర్లేదు. ఇబ్బంది ఇద్దరి మెషిన్‌లో వస్తుంది. రెండు బోర్డులు కంప్యూటర్‌కి ఒకేలా కనబడతాయి కాబట్టి, ఆపి మళ్లీ ఆన్ చేసినప్పుడు ఒక్కోసారి మొదటి ఆటగాడి ప్యానెల్ రెండోవాడిదైపోతుంది. దీనికి సెట్టింగుల్లో మందులున్నాయి గానీ కొత్తవాళ్లకి చిరాకు.

అల్టిమార్క్ కంపెనీ ఐ-ప్యాక్ బోర్డు ఖరీదెక్కువ, విదేశం నుంచి తెప్పించుకోవాలి. కానీ ఇద్దరి బటన్లూ ఒకే బోర్డుకి వెళతాయి, కంప్యూటర్‌కి అది కీబోర్డులా కనబడుతుంది, కాబట్టి తారుమారు సమస్యే రాదు. ఈ రెంటికీ మధ్యదారి రాస్ప్‌బెర్రీ పై పికో. చాలా చవకైన చిప్ బోర్డు. జీపీ2040-సీఈ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే మంచి ఎన్‌కోడర్ అవుతుంది. కొంచెం సోల్డరింగ్ తెలిసి ఉండాలి, లేదా స్క్రూలతో బిగించే టెర్మినల్ బోర్డు కొనుక్కోవాలి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి కోఠి గుజరాతీ గల్లీలో వైర్లు, కనెక్టర్లు, స్విచ్‌లు దొరుకుతాయి. వైర్ల కొసలకి పెట్టే కనెక్టర్లు కొనేముందు జేబులో ఒక బటన్ వేసుకెళ్లండి. సాన్వా రకానికి 2.8 మిల్లీమీటర్లవి, అమెరికా రకానికి ఎక్కువగా 4.8వి పడతాయి.

పాత కీబోర్డు విప్పి అందులోని బోర్డుకి వైర్లు అతికించే పద్ధతి ఒకటుంది. ఖర్చు లేనిదే, కానీ మూడు నాలుగు బటన్లు ఒకేసారి నొక్కితే కొన్ని అందవు. ఫైటింగ్ ఆటలో అది ఓటమి కింద లెక్క. వదిలేయండి.

మెషిన్ బుర్ర: రాస్ప్‌బెర్రీ పై, పాత ఆఫీసు కంప్యూటర్, లేక వేల ఆటల పెట్టె?

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

పాండోరా బాక్స్ పేరుతో వచ్చే చైనా పెట్టెల్లో వేల ఆటలు ముందే ఎక్కించి ఉంటాయి. తీగలు తగిలిస్తే నడుస్తుంది. ఆ వేలల్లో ఒకే ఆట నాలుగైదు పేర్లతో ఉంటుంది, కొన్ని ఆటలు వేగం తప్పి నడుస్తాయి, సెట్టింగులు మార్చుకునే వీలు తక్కువ. అన్నిటికీ మించి, ఆ ఆటల యజమానులు వాటికి అనుమతి ఇవ్వలేదు. నేను సిఫారసు చేయను.

రాస్ప్‌బెర్రీ పై అరచేతిలో పట్టే కంప్యూటర్. 2019లో వచ్చిన పై 4, 2023లో వచ్చిన పై 5 రెండూ ఎనభై, తొంభైల టూడీ ఆటల్ని సునాయాసంగా ఆడిస్తాయి. రెట్రోపై, రీకాల్‌బాక్స్, బటోసెరా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ని మెమరీ కార్డుమీద ఎక్కిస్తే మెనూ దానంతటదే వస్తుంది. కరెంటు తక్కువ తింటుంది, వేడి తక్కువ, చిన్న పెట్టెలో ఇమిడిపోతుంది. పై 5లో ఇయర్‌ఫోన్ సాకెట్ లేదు, స్పీకర్లకి వేరే దారి చూసుకోవాలి. ఫోన్ చార్జర్‌తో నడిపిద్దామనుకోకండి. కరెంటు చాలక తెరమీద మెరుపు గుర్తు వస్తూ ఉంటుంది. అన్నిటికంటే, మన దగ్గర హఠాత్తుగా కరెంటు పోతుంది. కార్డుమీద ఏదైనా రాస్తున్న క్షణంలో పోతే కార్డు పాడవ్వచ్చు. అన్నీ సెట్ చేసుకున్నాక కార్డుకి ఒక కాపీ తీసి దాచుకోవడం తప్పనిసరి.

ఇక పాత ఆఫీసు కంప్యూటర్లు. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్‌లలో పుస్తకమంత ఉండే బుల్లి రకాలు ఉన్నాయి. కంపెనీలు మార్చేసినవి సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) లాంటి చోట్ల సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. కొత్త పై 5కి పవర్ సప్లై, కేసు, కార్డు అన్నీ కలిపి లెక్కేస్తే ధరల్లో తేడా మీరనుకున్నంత ఉండకపోవచ్చు. శక్తి మాత్రం ఎక్కువ, ఎస్‌ఎస్‌డీ (కదిలే భాగాల్లేని డిస్కు) ఉన్నది తీసుకుంటే కరెంటు కోతని కాస్త మెరుగ్గా తట్టుకుంటుంది.

నా ఓటు దీనికే. కారణం వేగం ఒక్కటే అనుకోకండి, ఆటలు ఎక్కడ్నుంచి వస్తాయన్నది అంతకంటే పెద్ద సంగతి. మేమ్ అనే ఎమ్యులేటర్‌ని ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997లో మొదలుపెట్టారు. పాత మెషిన్ల హార్డ్‌వేర్‌ని సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ నిలబెట్టే ప్రాజెక్టు అది, పూర్తిగా చట్టబద్ధం. కానీ ఆటల ఫైళ్లమీద హక్కులు ఆయా కంపెనీలవే. మేమ్ బృందం తన సైటులో ఇచ్చేవి యజమానులు అనుమతించిన కొద్ది ఆటలే, గ్రిడ్లీ, రోబీ రోటో లాంటివి. మిగతావి కావాలంటే కొనాలి. క్యాప్‌కామ్ ఆర్కేడ్ స్టేడియం, ప్యాక్-మ్యాన్ మ్యూజియం ప్లస్ లాంటి సంకలనాలు స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ కొట్టులో అమ్ముతారు, డిస్కౌంట్ రోజుల్లో బాగా తగ్గుతాయి. అవి ఆఫీసు కంప్యూటర్‌లో నేరుగా నడుస్తాయి. రాస్ప్‌బెర్రీ పై కోసం మాత్రం స్టీమ్ తయారవలేదు. కొనుక్కుని ఆడాలనుకునేవాళ్లకి ఈ ఒక్క కారణం చాలు.

కంప్యూటర్ తీసుకుంటే బయోస్ (విండోస్ కంటే ముందు తెరుచుకునే) సెట్టింగుల్లో కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యే ఆప్షన్ ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ప్రతిసారీ వెనక తలుపు తీసి బటన్ నొక్కాల్సిందే. లోపలి సర్క్యూట్‌ని మనకి కావాల్సినట్టు మార్చుకోగల ఎఫ్‌పీజీఏ చిప్‌తో పాత హార్డ్‌వేర్‌ని దించే మిస్టర్ ప్రాజెక్టు గురించి కూడా చదువుతారు. బాగుంటుంది, ఖర్చెక్కువ, మొదటి మెషిన్‌కి అవసరం లేదు.

తెర

పాత పిక్చర్ ట్యూబ్ టీవీలో ఆ ఆటలు చూస్తే వచ్చే అందం ఎల్‌సీడీలో రాదు, నిజమే. కానీ ట్యూబ్ లోపల ఇరవై వేల వోల్టులు దాటే కరెంటు ఉంటుంది, ప్లగ్ పీకేసిన తర్వాత కూడా కొంతసేపు నిలిచి ఉంటుంది. అనుభవం లేనివాళ్లు దాని కేసు విప్పకూడదు. బరువు సంగతి సరేసరి.

మరి ఎల్‌సీడీల్లో పాత చతురస్రపు మానిటరా, వైడ్‌స్క్రీనా? పాత ఆటల బొమ్మ నిష్పత్తి 4:3. పందొమ్మిది అంగుళాల ఆఫీసు మానిటర్ 5:4, దాదాపు అదే ఆకారం. ఇరవై నాలుగు అంగుళాల వైడ్‌స్క్రీన్‌లో అటూ ఇటూ నల్లపట్టీలు వదిలేస్తే మధ్యలో మిగిలే 4:3 బొమ్మ సుమారు 19.5 అంగుళాలు. చతురస్రపు దానిలో 18.5 వస్తుంది. అంటే ఆట బొమ్మ రెంటిలోనూ ఇంచుమించు ఒకటే. తేడా పెట్టె వెడల్పులో ఉంది: ఒకదానికి 38 సెంటీమీటర్లు, రెండోదానికి 53. ఇద్దరి ప్యానెల్‌కి ఎలాగూ 60 కావాలి కాబట్టి అక్కడ వైడ్‌స్క్రీన్ హాయిగా పడుతుంది. ఒక్కరి మెషిన్‌కి చతురస్రపు సెకండ్ హ్యాండ్ మానిటర్ చవక, అందం కూడా.

ప్యాక్-మ్యాన్, గలాగా, 1942 లాంటివి నిలువు తెర ఆటలు. వాటికోసం తెరని నిలువుగా తిప్పాలనుకుంటే పక్కనుంచి చూసినా రంగు అంతగా మారని ఐపీఎస్ రకం తెరే తీసుకోండి. చవక టీఎన్ తెరని నిలువుగా పెడితే పక్కన నిలబడ్డవాళ్లకి రంగులు వెలిసిపోయి కనబడతాయి. కొనే ముందు ఇంకో పరీక్ష: మానిటర్ ఆన్‌లో ఉండగా ప్లగ్ పీకి మళ్లీ పెట్టండి. తనంతట తాను వెలిగితే తీసుకోండి. బటన్ నొక్కితేగానీ వెలగని మానిటర్‌ని పెట్టెలో బిగించాక రోజూ తిట్టుకుంటారు. వెనక వెసా బెజ్జాలు (స్టాండు స్క్రూలు బిగించేవి) ఉండటం కూడా ముఖ్యం, బిగింపు సులువవుతుంది.

ఇప్పుడు పెట్టె

నిలువు మెషిన్, బల్లమీద పెట్టుకునే బార్‌టాప్, కూర్చుని ఆడే కాక్‌టెయిల్ టేబుల్. ఇవి మూడు ప్రధాన ఆకారాలు. కాక్‌టెయిల్ టేబుల్ చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, కాఫీ కప్పులూ పెట్టుకోవచ్చు. కానీ ఎదురెదురుగా కూర్చుని ఇద్దరూ ఒకేసారి ముస్తఫా ఆడలేరు, ఒకరికి బొమ్మ తలకిందులు. వంతులవారీగా ఆడే పాత ఆటలకే అది పనికొస్తుంది.

నిలువు మెషిన్‌కి 8×4 అడుగుల షీట్లు కనీసం రెండు కావాలి. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్క పీచుని అదిమి చేసిన పలక) షీటు ఒక్కోటీ 40 కిలోలకి దగ్గర. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు ఇల్లు మారే రోజుని తలుచుకుని నిర్ణయించుకోండి. బార్‌టాప్‌కి 12 మిల్లీమీటర్ల షీటు ఒకటి చాలు, ఇద్దరు ఎత్తితే కదులుతుంది. దాన్నే తర్వాత కింద స్టాండ్ చేయించి నిలువు మెషిన్‌లా నిలబెట్టుకోవచ్చు. కాబట్టి మొదటిది బార్‌టాపే చేయండి. స్టాండ్ చేయించేటప్పుడు ప్యానెల్ నేలనుంచి 90 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా చూసుకోండి. ఇంట్లో ఎక్కువ ఆడేది పిల్లలైతే పెట్టెని కిందికి దించకుండా ఒక పీట వేయండి, వాళ్లు ఎలాగూ పెరుగుతారు.

ఎండీఎఫ్ నునుపుగా ఉంటుంది, పెయింటు చక్కగా పడుతుంది, ధర తక్కువ. తడి తగిలితే బూరెలా పొంగుతుంది. అంచుల్లో నేరుగా స్క్రూ బిగిస్తే చీలుతుంది, ముందు సన్నటి బెజ్జం వేసుకోవాలి. కోసేటప్పుడు వచ్చే పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు, మాస్క్ లేకుండా కోయకండి, ఇంట్లో అసలే కోయకండి. ప్లైవుడ్ ఖరీదెక్కువ గానీ స్క్రూని పట్టుకుంటుంది, బరువు తక్కువ. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో తడిని తట్టుకునే బీడబ్ల్యూఆర్ రకం ప్లైకే వెళ్లండి. మెట్ట ఊళ్లలో ఎండీఎఫ్‌కి వచ్చిన ఇబ్బంది లేదు, ఇల్లు తుడిచే తడిగుడ్డ తగలకుండా అడుగున రబ్బరు బుష్‌లు వేస్తే చాలు.

మన దగ్గర ఒక సౌకర్యం ఉంది: కార్పెంటర్. పక్క చెక్కల ఆకారాన్ని అట్టమీద నిజం సైజులో గీసి ఇస్తే ఒకటి రెండు రోజుల్లో కోసి, సన్మైకా అంటించి ఇస్తారు. అమెరికాలో ఉన్న మనవాళ్లకి లెక్క తిరగబడుతుంది. అక్కడ విడిభాగాలు సులువు, పనివాళ్ల కూలి ఖర్చు మోయలేం. వాళ్లు ముందే కోసిన చెక్కల కిట్టు తెప్పించుకోవడమో, ఆర్కేడ్1అప్ వారి ముప్పావు సైజు మెషిన్ కొని అందులో ప్యానెల్ మార్చుకోవడమో తెలివైన పని.

కరెంటు పనిలో మాత్రం పొదుపు వద్దు. లోపల 230 వోల్టుల వైరింగ్‌ని విప్పి అతికించకుండా, ఎర్తింగ్ ఉన్న మంచి స్పైక్ గార్డ్ ఒకటి బిగించి అన్ని అడాప్టర్లూ దానికే పెట్టండి. రేకు ప్యానెల్ వాడితే దానికీ ఎర్త్ ఇప్పించండి. వెనక తలుపుకి కింద గాలి లోపలికి, పైన బయటికి వెళ్లేలా బెజ్జాలు వేయండి. ఆఫీసు కంప్యూటర్ పెట్టినవాళ్లు పైన ఒక చిన్న ఫ్యాన్ కూడా పెట్టుకోవాలి, ముఖ్యంగా మన ఎండాకాలంలో.

అంచులకి ఆర్కేడ్ మెషిన్లలో కనిపించే టీ-మోల్డింగ్ (గాడిలో దూరే ప్లాస్టిక్ పట్టీ) కావాలంటే చెక్కలో గాడి తీయాలి, దానికి రౌటర్ అనే గాడి కోసే మిషన్ కావాలి. ప్లైవుడ్ షాపులో దొరికే ఎడ్జ్ బ్యాండ్ టేపుతో సరిపెట్టుకోండి, దూరం నుంచి తేడా తెలియదు. పక్కల బొమ్మల్ని, నెత్తిన వెలిగే బోర్డుని ఫ్లెక్సీ షాపువాళ్లే వేసిస్తారు: పక్కలకి వినైల్ స్టిక్కర్, నెత్తికి బ్యాక్‌లిట్ ఫ్లెక్స్, దాని వెనక 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్. ఈ ఆర్డరు మాత్రం అన్నీ బిగించి ఒక వారం ఆడాకే ఇవ్వండి. ఆ వారంలో ఏదో ఒక బెజ్జం పెద్దది చేయాల్సి వస్తుంది, ఏదో ఒక స్క్రూ పక్క చెక్కలోంచి బయటికి పొడుచుకొస్తుంది.